ఫిషింగ్ రాడ్ చెక్క పిడికి ఏ ఫినిష్ వేయాలి, ఎలా వేయాలి

రాడ్ సొంతంగా తయారు చేసుకునేవాళ్లు, పాత రాడ్ పిడిని బాగు చేసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే. చెక్క పిడికి ఏం పూయాలి? వార్నిషా, నూనెనా, ఎపాక్సీనా? ఇంట్లో బల్లకు వేయగా మిగిలిన పాలిష్ దీనికి కూడా వేసేయొచ్చా?

వేయొచ్చు గానీ నిలవదు. బల్ల మీద నీళ్లు పడితే వెంటనే తుడిచేస్తాం. పిడి మాత్రం గంటల తరబడి తడి చేతిలో నలుగుతుంది. ఎండ, చెమట, చేప జిగురు, సన్‌స్క్రీన్, దోమల మందు అన్నీ దానికి తగులుతాయి. పైగా అది చేతిలో జారకూడదు. నిగనిగలాడే పిడి ఫొటోలో ఎంత బాగున్నా, తడి చేతికి పట్టు దొరక్కపోతే దాని వల్ల ఉపయోగం లేదు.

అందుకే డబ్బా కొనే ముందు రాడ్‌ని చేతిలోకి తీసుకుని, మీ చెయ్యి ఎక్కడ బిగుస్తుందో చూడండి. అరచెయ్యి, వేళ్లు గట్టిగా పట్టుకునే చోట చెక్కలోకి ఇంకే నూనె ఫినిష్ వేయాలి. చెయ్యి పెద్దగా తగలని చోట, అంటే రీల్ సీట్ (రీల్‌ని బిగించే చోటు) చెక్క, పిడి చివరి గుండు, అలంకారంగా పెట్టిన పట్టీల మీద, పైన పొర కట్టే వార్నిష్ వేయాలి. ఒకే రాడ్ మీద రెండూ ఉండొచ్చు. మంచి పిడుల్లో చాలావాటికి అలాగే ఉంటుంది.

ఏది ఎంచుకోవాలి

డేనిష్ ఆయిల్: మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇందులో నూనె, కొంచెం వార్నిష్, థిన్నర్ కలిసి ఉంటాయి. గుడ్డతో పూసి తుడిచేస్తే చాలు, బ్రష్ గీతలు పడవు. చెక్క చెక్కలాగే తగులుతుంది, తడి చేతికి పట్టు ఉంటుంది. ఎక్కడైనా అరిగితే అక్కడే మళ్లీ పూయొచ్చు.

టంగ్ ఆయిల్: అసలైన టంగ్ ఆయిల్ అవిసె నూనె కంటే నీటిని బాగా ఆపుతుంది, రంగు కూడా అంతగా పచ్చబడదు. కానీ చాలా నెమ్మదిగా ఆరుతుంది. 'టంగ్ ఆయిల్ ఫినిష్' అని రాసి ఉన్న డబ్బాల్లో చాలావరకు పల్చటి వార్నిష్ మిశ్రమమే ఉంటుంది. అది చెడ్డదేమీ కాదు, కాకపోతే ఆరే సమయం, వేసే పద్ధతి వేరు. లేబుల్ పూర్తిగా చదివి కొనండి.

అవిసె నూనె: పచ్చి అవిసె నూనె వారాలు గడిచినా జిడ్డుగానే ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. 'బాయిల్డ్' అని అమ్మే దానిలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు కాబట్టి అది ఒక రోజులో ఆరుతుంది. అయినా నీటిని ఆపే శక్తి తక్కువ, తేమ ఉన్న చోట దాని మీద బూజు కూడా పడుతుంది. రాడ్ పిడికి ఇది ఒక్కటే వాడటం నాకు నచ్చదు.

ట్రూ-ఆయిల్: తుపాకుల చెక్క భాగాల కోసం తయారైన ఈ నూనెను రాడ్ తయారీదార్లు చాలామంది వాడతారు. పల్చగా పూస్తే కొన్ని గంటల్లోనే ఆరుతుంది. రెండు మూడు కోట్ల దగ్గర ఆపితే పిడికి సరిపోతుంది. ఎక్కువ కోట్లు వేస్తూ పోతే పొర కట్టి మెరుస్తుంది, అప్పుడు అది రీల్ సీట్ చెక్కకు బాగుంటుంది.

స్పార్ వార్నిష్: పడవల చెక్కకు వేసేది. ఎండకు, తేమకు చెక్క సాగి ముడుచుకున్నా పగలకుండా దానితో పాటు సాగుతుంది. ఎండ దెబ్బను తగ్గించే పదార్థాలు కూడా ఇందులో కలుపుతారు. చెయ్యి తగలని భాగాలకు నా మొదటి ఎంపిక ఇదే.

పాలీయురెథేన్: స్పార్ వార్నిష్ కంటే గట్టిగా ఉంటుంది, గీతలు త్వరగా పడవు. కానీ ఒకసారి అంచు లేచిందంటే అతుకు వేయడం కష్టం. నీటితో కలిసే రకం త్వరగా ఆరుతుంది, వాసన తక్కువ, చెక్క రంగును పెద్దగా మార్చదు.

ఎపాక్సీ: గైడ్ల (గాలపు తాడు నడిచే రింగుల) దగ్గర దారం చుట్టిన చోట వేసే, రెండు సీసాలు కలిపి వాడే ఎపాక్సీని పిడికి కూడా పూస్తుంటారు. గాజు పొరలా మందంగా, జారుడుగా తయారవుతుంది. మోటారుతో తిప్పుతూ ఆరబెట్టకపోతే ఒక పక్కకు దిగిపోతుంది. చెక్క రంధ్రాల్లోని గాలి బుడగలై పైకి వస్తుంది. గుండుకు, పట్టీలకు సరే గానీ, పట్టుకునే చోట వద్దు.

మైనం ఒక్కటే రాస్తే అది ఫినిష్ కాదు. నూనె మీద చివర్లో రాయడానికి బాగుంటుంది, అంతే. పాలిష్ పనివాళ్లు వాడే షెల్లాక్ నీళ్లు తగిలితే తెల్లబడుతుంది, కాబట్టి పై పొరగా పనికిరాదు. కింద వేసే సీలర్‌గా మాత్రం చాలా ఉపయోగం, దాని గురించి మూడో మెట్టులో చెబుతాను. రెజిన్ ఎక్కించిన 'స్టెబిలైజ్డ్' చెక్క అయితే నూనె ఇంకదు. దాన్ని సన్నటి శాండ్‌పేపర్‌తో మెరుగు పెట్టి వదిలేయండి.

కావలసినవి

- 120, 180, 220, 320, 400 నంబర్ల శాండ్‌పేపర్
- ఎంచుకున్న ఫినిష్, దాని డబ్బా మీద చెప్పిన థిన్నర్
- పోగులు రాలని పాత నూలు గుడ్డ ముక్కలు. వార్నిష్‌కు మెత్తటి బ్రష్ లేదా స్పాంజ్ బ్రష్
- మాస్కింగ్ టేప్
- పిడి రంధ్రంలో బిగించి పట్టుకోవడానికి ఒక గుండ్రటి పుల్ల
- బూడిద రంగు స్కాచ్‌బ్రైట్ ప్యాడ్
- నైట్రైల్ గ్లౌజులు, దుమ్ము మాస్కు
- మూత ఉన్న రేకు డబ్బా, అందులో నీళ్లు (ఇది తప్పనిసరి, కారణం ఆరో మెట్టులో ఉంది)
- అదే చెక్క తుంపు ఒకటి, ముందుగా వేసి చూడటానికి

1. చెక్క ఆరిందో లేదో చూడండి

తేమ ఉన్న చెక్కకు ఏం పూసినా తర్వాత పొర లేస్తుంది. తేమ మీటరు లేకపోతే చిన్న త్రాసు చాలు. ముక్కను ఇంట్లో గాలి ఆడే చోట పెట్టి రెండు మూడు రోజులకోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిపోతే చెక్క ఆరినట్టే.

పాత రాడ్‌ని బాగు చేస్తుంటే ఇక్కడే ఒక హెచ్చరిక. పాత వార్నిష్ తీయడానికి పెయింట్ రిమూవర్ గానీ హీట్ గన్ గానీ వాడకండి. బ్లాంక్‌లోని (అంటే పిడి, గైడ్లు లేని ఒట్టి రాడ్ కడ్డీలోని) రెజిన్, దారం మీది ఎపాక్సీ, పిడిని అతికించిన జిగురు మూడూ దెబ్బ తినొచ్చు. బ్లాంక్‌కి, లోహపు భాగాలకు టేప్ చుట్టి, పాత పొరను గీకి శాండ్‌పేపర్‌తో తీయండి. ఆలస్యమైనా ఇదే క్షేమం.

2. జిగురు పట్టాల్సిన చోట టేప్ వేయండి

పిడుల విషయంలో నేను ఎక్కువగా చూసే నష్టం ఇక్కడే. నూనె ఇంకిన చెక్కను ఎపాక్సీ జిగురు సరిగ్గా పట్టుకోదు. బ్లాంక్ దూరే రంధ్రంలోకి నూనె కారినా, రీల్ సీట్ లోహపు రింగు అతికే చోట వార్నిష్ పడినా, చేప గట్టిగా లాగినప్పుడు పిడి బ్లాంక్ చుట్టూ తిరిగిపోతుంది.

ముక్కలుగా ఉన్న పిడిని ముందే ఒకటిగా అతికించి, శాండింగ్, ఫినిష్ పూర్తి చేసి, చివర్లో బ్లాంక్‌కి ఎక్కించండి. పుల్లకు టేప్ చుట్టి పిడి రంధ్రంలో బిగించండి. రంధ్రం మూసుకుపోతుంది, పట్టుకోవడానికి పిడి లాంటిది దొరుకుతుంది, ఆరబెట్టేటప్పుడు వేలాడదీయొచ్చు. లోహం, కార్క్ ఆనే చోట్లన్నిటికీ టేప్ వేయండి.

రీల్ సీట్ మీద జారే రింగు ఉంటే, ఏమీ పూయకముందే అది వదులుగా కదులుతోందో లేదో చూసుకోండి. ఇప్పుడే బిగుతుగా ఉంటే నాలుగైదు కోట్ల వార్నిష్ తర్వాత అసలు కదలదు. చెక్కను ఇంకొంచెం అరగదీసి చోటు వదలండి.

3. శాండింగ్, శుభ్రం

120తో మొదలుపెట్టి 180, 220 దాకా, ఒక్క నంబరు కూడా దాటేయకుండా వెళ్లండి. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది పట్టుకోవాలి. లేత్ మీద తిప్పుతూ శాండింగ్ చేస్తే పిడి చుట్టూ సన్నటి వలయాలు పడతాయి. ప్రతి నంబరు చివర్లో లేత్ ఆపి, చెక్క నార వెంట నిలువుగా నాలుగు సార్లు చేత్తో రుద్దండి. ఈ గీతలు పచ్చి చెక్క మీద కనబడవు, నూనె తగలగానే బయటపడతాయి.

220 తర్వాత తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నార లేచి గరుకుగా తగులుతుంది. దాన్ని 320తో తేలిగ్గా తీసేయండి. నీటితో కలిసే పాలీయురెథేన్ వేసేవాళ్లు ఈ పని వదిలేస్తే మొదటి కోటుకే పిడి గరుకెక్కుతుంది. వార్నిష్‌కు 220 నుంచి 320 మధ్య ఆపండి. నూనెకు 400 దాకా వెళ్లొచ్చు. ఇంకా నున్నగా చేస్తే పట్టు పోవడం తప్ప లాభం లేదు.

రోజ్‌వుడ్, కోకోబోలో, టేకు లాంటి చెక్కల్లో సహజంగానే నూనె ఉంటుంది. కొన్ని రోజ్‌వుడ్ జాతుల్లోని పదార్థాలు నూనె ఫినిష్‌ని ఆరనివ్వవు, వారాలు గడిచినా జిడ్డుగానే ఉంచేస్తాయి. అలాంటి చెక్కను అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆవిరి కాగానే ఆలస్యం చేయకుండా ఫినిష్ వేయండి. ఇంకా అనుమానంగా ఉంటే మైనం తీసిన షెల్లాక్ పల్చగా ఒక కోటు వేసి, దాని మీద వార్నిష్ వేయండి. మైనం ఉన్న మామూలు షెల్లాక్ మీద పాలీయురెథేన్ పట్టదు. ఈ చెక్కల దుమ్ము కొందరికి దురద, ఊపిరి ఇబ్బంది తెస్తుంది, మాస్కు లేకుండా శాండింగ్ చేయొద్దు.

4. నూనె వేసే పద్ధతి

మొదటి కోటు ధారాళంగా పూయండి. టంగ్ ఆయిల్ అయితే మొదటి కోటుకు సగానికి సగం థిన్నర్ కలిపితే లోతుగా ఇంకుతుంది. పావుగంట నుంచి అరగంట ఆగండి. ఈలోపు పొడిబారినట్టు కనిపించిన చోట మళ్లీ పూయండి. నారకు అడ్డంగా కోసిన చివరలు నూనెను తాగుతూనే ఉంటాయి, అవి చాలు అనేదాకా పట్టించండి. నీళ్లు ఎక్కువగా దూరేది ఆ చివరల్లోంచే.

తర్వాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. పైన ఏమీ మిగలకూడదు. తుడవడానికి మొహమాటపడితే మరునాటికి పిడి జిగటగా తయారవుతుంది.

డేనిష్ ఆయిల్‌కు కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు, అసలైన టంగ్ ఆయిల్‌కు ఒకటి రెండు రోజులు ఆగండి. వాతావరణం తేమగా ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. మొత్తం మూడు నుంచి ఐదు కోట్లు.

టేకు, వాల్‌నట్ లాంటి చెక్కల్లో రంధ్రాలు పెద్దవి. రెండో కోటు తడిగా ఉండగానే నీటిలో వాడే 400 శాండ్‌పేపర్‌తో నార వెంట రుద్దండి. నూనె, చెక్క పొడి కలిసి ముద్దలా తయారై రంధ్రాల్లో కూరుకుంటుంది. పైన మిగిలినదాన్ని నారకు అడ్డంగా తేలిగ్గా తుడిచి, ఒక రోజు వదిలేయండి. లప్పం పెట్టి కప్పడం కంటే ఇది నయం, రంగు తేడా రాదు. పట్టు బాగా కావాలనుకునేవాళ్లు ఈ పని మానేసి రంధ్రాలు తెరిచే ఉంచొచ్చు, తడి చేతికి ఆ గరుకుదనం మంచిదే.

5. వార్నిష్ వేసే పద్ధతి

డబ్బాను ఊపొద్దు, బుడగలు వస్తాయి. పుల్లతో మెల్లగా కలిపి, కావలసినంత వేరే గిన్నెలోకి తీసుకోండి. బ్రష్ నేరుగా డబ్బాలో ముంచితే దుమ్మంతా అందులోకే పోతుంది.

మొదటి కోటులో సగం వార్నిష్, సగం థిన్నర్. రెండో కోటులో థిన్నర్ పావు వంతు. ఆ తర్వాత నేరుగా లేదా కొద్దిగా పల్చన చేసి వేయండి. పూశాక పుల్ల పట్టుకుని ఓ పది నిమిషాలు పిడిని మెల్లగా తిప్పుతూ ఉండండి, లేకపోతే కింది వైపు కారి గడ్డకడుతుంది. దుమ్ము లేని చోట వేలాడదీయండి.

మరునాడు 320తో తేలిగ్గా రుద్దండి. తెల్లటి పొడి రాలితే ఆరినట్టు. శాండ్‌పేపర్‌కి ఉండలు కట్టి అంటుకుంటే ఆరలేదు, ఆ రోజుకు వదిలేయండి. పొడి తుడిచి తర్వాతి కోటు వేయండి. బ్రష్‌తో అయితే నాలుగు నుంచి ఆరు కోట్లు, గుడ్డతో పల్చగా అయితే ఇంకో రెండు. కోట్ల మధ్య స్టీల్ ఊల్ వాడకండి. నీటితో కలిసే ఫినిష్ కింద దాని తునకలు తుప్పు పట్టి చుక్కలు పడతాయి. స్కాచ్‌బ్రైట్ ప్యాడ్‌తో ఆ బెడద లేదు.

6. నూనె గుడ్డలను వెంటనే నీళ్లలో వేయండి

ఇది చదివి దాటేసే మాట కాదు. అవిసె నూనె, టంగ్ ఆయిల్, డేనిష్ ఆయిల్, నూనె ఆధారిత వార్నిష్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, నిప్పు అంటించకుండానే గుడ్డ మండుతుంది. ఇళ్లు కాలిపోయిన సందర్భాలున్నాయి. పని అయిన వెంటనే నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి, లేదా ఆరుబయట ఒక్కో గుడ్డను విడదీసి పరిచి, గట్టిగా బిరుసెక్కేదాకా ఆరనిచ్చి పారేయండి.

7. ఆగండి, తర్వాత పరీక్షించండి

చేతికి అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. వార్నిష్‌కు రెండు మూడు వారాలు, అసలైన టంగ్ ఆయిల్‌కు నెల దాకా పడుతుంది. ఈలోపు రాడ్‌ని సంచిలోనో గొట్టంలోనో పెడితే బట్ట అచ్చు పిడి మీద పడుతుంది. గడువు అయ్యాక వరుసగా ఇవి చూడండి:

- వాసన: ముక్కు దగ్గర పెట్టి చూడండి. థిన్నర్ లేదా నూనె వాసన ఘాటుగా ఉంటే ఇంకా ఆరలేదు.
- గోరు: కనబడని చోట గోరుతో నొక్కండి. అచ్చు పడితే ఇంకో వారం ఆగండి.
- నీటి చుక్క: పిడి మీద, ముఖ్యంగా కోసిన చివర మీద, ఒక చుక్క వేసి పావుగంట తర్వాత తుడవండి. నల్లటి మచ్చ కనిపిస్తే, అది పూర్తిగా ఆరాక ఇంకో కోటు.
- వెలుతురు: చీకటి గదిలో టార్చి పక్క నుంచి కొట్టండి. కారిన గీతలు, వదిలేసిన చోట్లు కనబడతాయి.
- పట్టు: చేతిని నీళ్లలో ముంచి, ఒక చుక్క సబ్బు రాసుకుని, విసిరే ఊపులో రాడ్‌ని కదిలించండి. సబ్బు ఇక్కడ చేప జిగురుకు బదులు. జారుతుంటే స్కాచ్‌బ్రైట్‌తో నార వెంట రుద్ది మెరుపు చంపండి.

తేడా వస్తే

నూనె జిగటగా మిగిలిపోతే: థిన్నర్ తడిపిన గుడ్డతో గట్టిగా తుడిచి, గాలి ఆడే చోట రెండు రోజులు పెట్టండి. తగ్గకపోతే పై పొర శాండింగ్ చేసి తీసేయాల్సిందే. దాని మీద ఇంకో కోటు వేస్తే ఆరుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

వార్నిష్ గుండ్రటి గుంటలుగా విడిపోతే: చెక్కకు సిలికాన్ గానీ జిడ్డు గానీ తగిలింది. రీల్‌కు కొట్టే స్ప్రేలతో ఇది తరచూ జరుగుతుంది. ఆరనిచ్చి, రుద్ది, థిన్నర్‌తో తుడిచి, మైనం లేని షెల్లాక్ ఒక కోటు వేసి మళ్లీ మొదలుపెట్టండి.

పొర పొగమంచులా తెల్లబడితే: తేమ ఎక్కువగా ఉన్న రోజున వేశారు. వాన ఆగాక, పొడి రోజు చూసి రుద్ది మళ్లీ వేయండి.

ఎపాక్సీలో బుడగలు: గది వేడెక్కుతున్నప్పుడు వేస్తే చెక్కలోని గాలి బయటికి తోసుకొస్తుంది. ముందు పల్చటి సీలర్ కోటు వేసి, వేడి తగ్గుతున్న వేళ పూయండి.

పిడి వాడుకలో మెత్తబడి వేలిముద్రలు పడుతుంటే దోమల మందును అనుమానించండి. అందులోని డీట్ అనే రసాయనం వార్నిష్‌లనూ ప్లాస్టిక్‌లనూ మెత్తబరుస్తుంది. మందు రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కునే రాడ్ పట్టుకోండి.

తర్వాతి సంరక్షణ

ఉప్పు నీటిలో వాడితే ఆ రోజే మంచినీటితో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టండి. తడి రాడ్‌ని మూసిన గొట్టంలో వదిలేస్తే ఎంత మంచి వార్నిష్ అయినా బొబ్బలెక్కుతుంది. నూనె వేసిన పిడి పొడిబారి పాలిపోయినట్టు కనిపించినప్పుడు సబ్బు నీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, 400తో తేలిగ్గా రుద్ది ఒక కోటు తుడవండి. అది ఒక సాయంత్రం పని. వార్నిష్ పిడి మీద పగులు కనిపిస్తే మాత్రం వాయిదా వేయకండి. పగులు చుట్టూ అరగదీసి, చెక్కను ఆరనిచ్చి, పల్చటి కోట్లతో మళ్లీ పొర కట్టండి. నీళ్లు పొర కిందికి పాకాక అతుకు నిలవదు, పిడి మొత్తం గీకాల్సి వస్తుంది.